అండమాన్‌లో ఒకే లాడ్జిలో విశ్రాంతిగా ఉండాలంటే ఏ దీవి, ఏ తీరం మంచిది?

ప్రశ్న: నల్లకుంట నివాసి

అందరికీ నమస్కారం. మేమిద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నాము. మా వారు ఒక మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు, నేను బ్యాంకులో పనిచేస్తాను. ఒకే ఇంట్లో ఉంటున్నా ఇద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునేది ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రమే, అది కూడా చుట్టాలెవరూ రాకపోతే. మా పెళ్ళిరోజు మాఘమాసంలో వస్తుంది. ఈసారి ఆ రోజుల్లో ఎక్కడైనా ఒక చిన్న దీవిలో, సముద్రం ఒడ్డున ఉన్న లాడ్జిలో, ఏ హడావుడీ లేకుండా గడపాలని అనుకున్నాము.

అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరకు వెళితే ఆయన అండమాన్ ప్యాకేజీ చూపించారు. దిగిన రోజే సెల్యులార్ జైలు, మర్నాడు పొద్దున్నే పడవలో స్వరాజ్ ద్వీపం (పాత పేరు హావెలాక్), ఆ సాయంత్రం రాధానగర్ తీరం, తర్వాతి రోజు ఎలిఫెంట్ బీచ్, ఆ తర్వాత షహీద్ ద్వీపం (పాత పేరు నీల్), అక్కడినుంచి వెనక్కి వచ్చి, తెల్లవారుజామున మూడు గంటలకే లేచి బారాటాంగ్ ప్రయాణం. ఆ కాగితం చదువుతుంటేనే నాకు అలసట వచ్చింది. మేము వెళ్ళేది అలసట తీర్చుకోవడానికి కదా. "ఒక్క దీవిలోనే, ఒక్క గదిలోనే ఉంటాము, అలా ఏర్పాటు చేయండి" అని అడిగితే ఆయన ఆశ్చర్యపోయి, "అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి ఒకేచోట కూర్చుంటే రెండో రోజుకే విసుగొస్తుంది మేడం" అన్నారు. మా ఆడపడుచు కూడా అదే మాట అంటోంది.

నిజంగానే విసుగొస్తుందా? ఒకేచోట ఉండాలంటే స్వరాజ్ ద్వీపం మంచిదా, షహీద్ ద్వీపం మంచిదా, లేక లక్షద్వీప్ లాంటి వేరే చోటు చూసుకోవాలా? లాడ్జిని ఎంచుకునేటప్పుడు ఏమేమి అడిగి తెలుసుకోవాలి? మా వారికి ఈత రాదు, నేను శాకాహారిని. స్వయంగా ఉండి వచ్చినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం: ఉప్పుగాలి

నల్లకుంట నివాసి గారికి, మీ ఆలోచన సరైనదని ముందుగా చెబుతున్నాను. ఎవరి మాటా విని దానిని మార్చుకోకండి. దీవుల్లో మనిషిని అలసగొట్టేది సముద్రం కాదు, రేవుకూ గదికీ మధ్య పెట్టె సర్దుకుని తిరగడం. ప్రతి దీవి మార్పుకూ పడవ సమయానికి చాలా ముందే రేవు చేరాలి, టికెట్టు తనిఖీ, సామాను తనిఖీ, ఎండలో వరుస, దిగాక మళ్ళీ ఆటో, మళ్ళీ గది సిద్ధమయ్యేదాకా ఎదురుచూపు. అలా ఒక పూట మొత్తం పోతుంది. మేమిద్దరం ఆ రెండు దీవుల్లోనూ ఉన్నాము. మీరు అడిగిన విశ్రాంతికి షహీద్ ద్వీపమే తగినదని నా గట్టి నమ్మకం. అయితే దీవి పేరు కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. ఏజెంట్లు దాన్ని ఎప్పుడూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అది ఆటుపోట్ల సంగతి. విశాఖలోనో సూర్యలంకలోనో సముద్రం చూసినవారికి నీరు కొంచెం ముందుకు రావడం, కొంచెం వెనక్కి పోవడం మాత్రమే తెలుసు. అండమాన్‌లో పోటుకూ ఆటుకూ మధ్య నీటి ఎత్తులో తేడా పౌర్ణమి, అమావాస్య రోజుల్లో సుమారు రెండు మీటర్ల వరకు ఉంటుంది. ఒడ్డు నిటారుగా ఉన్నచోట ఈ తేడా పెద్దగా కనిపించదు. పల్లంగా, పగడపు దిబ్బలతో ఉన్నచోట మాత్రం ఆటు సమయానికి నీరు చాలా దూరం వెనక్కి వెళ్ళిపోయి, రాళ్ళు, చనిపోయిన పగడాలు, నాచు పట్టిన గుంటలు బయటపడతాయి. స్వరాజ్ ద్వీపంలో లాడ్జీలు ఎక్కువగా ఉన్న గోవింద్ నగర్, విజయ్ నగర్ తీరాలు (అక్కడివారు మూడో నంబరు, ఐదో నంబరు బీచ్ అంటారు) ఇలాంటివే. లాడ్జి ప్రకటనలో గది ముందే నీలి సముద్రం కనిపిస్తుంది, అది అబద్ధం కాదు, కానీ ఆ ఫోటో పోటు మీద తీసినది. మీరు మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆటు అయితే, మోకాలి లోతు నీటి కోసం రాళ్ళ మీద చాలాసేపు నడవాలి. అదే దీవికి పడమర వైపున్న రాధానగర్ తీరం వెడల్పైన ఇసుక తీరం, ఆటు సమయంలో కూడా నీటిలో దిగవచ్చు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ తీరంగా దానిని పేర్కొన్నది, 2020లో మన రుషికొండతో పాటు బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరు వల్లే అక్కడ సాయంత్రాలు జనం ఎక్కువ, తీరాన్ని ఆనుకున్న బసలు తక్కువ, ఉన్నవాటిలో చాలావరకు ఖరీదైనవి.

షహీద్ ద్వీపం చాలా చిన్నది. ఊళ్ళ పేర్లు రామనగర్, సీతాపూర్, లక్ష్మణపూర్, భరత్‌పూర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవారి కుటుంబాలు అక్కడ కూరగాయలు పండిస్తాయి. అద్దె సైకిలు తీసుకుంటే వంగతోటల మధ్య నుంచి ఒక తీరం నుంచి మరో తీరానికి వెళ్ళిపోవచ్చు. భరత్‌పూర్ తీరం రేవు పక్కనే ఉంటుంది కాబట్టి పగలు సందడిగా ఉంటుంది, అక్కడ గది వద్దు. పడమటి వైపు లక్ష్మణపూర్ మీకు సరిపోతుంది. సూర్యాస్తమయం చూడటానికి వచ్చినవారు చీకటి పడగానే వెళ్ళిపోతారు, ఆ తర్వాత తీరం లాడ్జిలో ఉన్నవారిదే.

మీరు మాఘమాసం అన్నారు కాబట్టి ఇంకో సలహా. అష్టమి ప్రాంతంలో ఆటుపోట్ల తేడా అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, నీరు మరీ దూరం పోదు. రథసప్తమి మర్నాడు వచ్చే భీష్మాష్టమి చుట్టుపక్కల రోజులు కుదిరితే గోడమీది క్యాలెండరు చూసి అవే పెట్టుకోండి. పౌర్ణమికి వెళితే వెన్నెల దొరుకుతుంది. అమావాస్య దగ్గరైతే చీకట్లో అలలు కదిలినప్పుడు నీటిలోని సూక్ష్మజీవులు నీలి మెరుపులు మెరిసే దృశ్యం అదృష్టముంటే కనిపిస్తుంది. ఏ తిథి అయినా పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ వస్తుంది, కాబట్టి లాడ్జివారిని ప్రతి ఉదయం ఆ రోజు పోటు ఎప్పుడని అడిగి, స్నానం, భోజనం దానికి తగ్గట్టు పెట్టుకోండి.

గది తీసుకునే ముందు లాడ్జికి ఫోన్ చేసి, ఆటు సమయంలో తీసిన ఫోటో పంపమని నిస్సంకోచంగా అడగండి. పంపడానికి వెనకాడితే వేరేచోట చూసుకోండి. కరెంటు పోతే జనరేటరు రాత్రంతా నడుస్తుందా, వంట లాడ్జిలోనే చేస్తారా అన్నవి కూడా అడగాలి. మంచాల మీద పూలతో హంసలు పెడతారా లేదా అన్నది పట్టించుకోనవసరం లేదు.

సమాధానం: కడలి తోవ

ఉప్పుగాలి గారు చెప్పిన ఆటుపోట్ల విషయం నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా, అన్నగారికి ఈత రాదని మీరు రాసిన ఒక్క మాట వల్ల నేను లక్షద్వీప్ వైపు మొగ్గు చూపుతున్నాను.

అండమాన్ దీవులు సముద్రంలో మునిగిన కొండల శిఖరాలు. అందుకే అక్కడ అడవి, గుట్ట, వాగు అన్నీ ఉంటాయి. లక్షద్వీప్‌లోవి పగడాలు కట్టిన దీవులు. దీవికి కొంత దూరంలో పగడపు దిబ్బ గోడలా నిలబడి పెద్ద అలలను అక్కడే ఆపేస్తుంది, లోపల మిగిలిన నీటిమడుగు పగలంతా ఇంచుమించు కదలకుండా ఉంటుంది. నడుము లోతులో నిలబడి కిందికి చూస్తే కాలివేళ్ళ చుట్టూ తిరిగే చేపపిల్లలు స్పష్టంగా కనిపిస్తాయి. నీళ్ళంటే భయపడే మనిషి భయం పోగొట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు మన దేశంలో లేదని నా అభిప్రాయం. అయినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. లక్షద్వీప్‌కు మనవాళ్ళకు కూడా ప్రవేశ అనుమతి పత్రం తప్పనిసరి, అది చేతికి వచ్చేదాకా మిగతా ఏర్పాట్లు పక్కాగా చేసుకోలేము. హైదరాబాదు నుంచి కొచ్చి వెళ్ళి, అక్కడినుంచి చిన్న విమానంలో అగత్తి దిగాలి, లేదా కొచ్చి నుంచి ఓడ ఎక్కాలి. చిన్న విమానం కాబట్టి సామాను తక్కువగా తీసుకువెళ్ళాలి. అగత్తి నుంచి పడవలో చేరే బంగారం దీవిలో ఊరంటూ లేదు, బస చేసినవారూ పనివారూ తప్ప ఎవరూ ఉండరు. బసలు కొన్నే కాబట్టి ధర ఎక్కువ, ఎంపిక తక్కువ. మొత్తం 36 దీవుల్లో జనం ఉండేవి పదే. మద్యం బంగారంలో తప్ప ఎక్కడా అనుమతించరు, మీరు కోరే ప్రశాంతతకు అది అనుకూలమే.

సెలవు తక్కువగా ఉంటే మాత్రం అండమానే నయం. అనుమతుల పని లేదు, శంషాబాదు నుంచి నేరుగా విమానాలున్నాయి.

సమాధానం: తార్నాక పాఠకుడు

విసుగొస్తుందా అన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా ఆవిడకూ నాకూ మొదటి రోజు సాయంత్రం కొంత వెలితిగా అనిపించిన మాట నిజం. చేతులు మాటిమాటికీ ఫోను వైపు పోయేవి. మర్నాటి నుంచి ఆ బాధ లేదు. అసలు అక్కడి రోజు మన రోజులా నడవదు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ఇంచుమించు గంట ముందుంటాడు. మాఘమాసంలో ఆరు గంటలకు ముందే తెల్లవారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకు సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాదు అలవాటు ప్రకారం ఎనిమిదింటికి లేస్తే రోజులో అన్నిటికంటే చల్లని, అందమైన సమయం పోగొట్టుకున్నట్టే. రాత్రి ఎనిమిదికి భోజనాలైపోయి, తొమ్మిదికల్లా లాడ్జి అంతా నిద్రపోతుంది. మీ వారిలా రాత్రి షిఫ్టులు చేసేవారికి ఆ నిద్రే పెద్ద మందు.

పొద్దున్న ఆటు మీద తీరం వెంట నడవండి. ఇసుకలో ఖాళీ శంఖం అనుకున్నది అకస్మాత్తుగా కాళ్ళు బయటపెట్టి నడుస్తుంది. అది శంఖంలో కాపురముండే పీత. పెరిగినకొద్దీ ఇరుకైన శంఖాన్ని వదిలి పెద్దది వెతుక్కుంటుంది. ఒకసారి మా గది మెట్ల దగ్గర ఒక పీత ఒక శంఖాన్ని పట్టుకుని, దాని నోటిని కొండితో కొలుచుకుంటున్నట్టు తడిమి తడిమి, చివరికి పాతదాంట్లోంచి దూకి కొత్తదాంట్లోకి దూరింది. మేమిద్దరం కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాము. అందుకే ఒడ్డున దొరికిన శంఖాలను ఏరుకుని తీసుకురావద్దని అందరికీ చెబుతాను. వాటికి అవి ఇళ్ళు. పైగా పగడాలూ, అనేక రకాల శంఖాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, విమానాశ్రయంలో సామానులో కనిపిస్తే పట్టుకుంటారు.

భోజనం సంగతి: చేప లేని భోజనం దొరుకుతుంది, బెంగాలీ పద్ధతి కాబట్టి ఆవనూనె వాసన ఉండవచ్చు. వచ్చే ముందే శాకాహారమని చెబితే పప్పు, కూర, అన్నం చేసిపెడతారు, షహీద్ ద్వీపంలో కూరగాయలకు కొరత లేదు. పెరుగు మన అలవాటుకు తగ్గట్టు దొరకకపోవచ్చు. ఒక సీసా ఆవకాయ, కొంచెం కందిపొడి పెట్టుకెళితే ఏ లోటూ ఉండదు. ఇసుక మీద సాయంత్రాలు కంటికి కనిపించనంత చిన్న ఈగలు కుడతాయి, ఆ దురద చాలా రోజులు వదలదు. కాళ్ళకు కొబ్బరినూనె పట్టించి, చాప వేసుకునే కూర్చోండి.

ఫోన్లు పనిచేయవన్న భయం ఇప్పుడు అక్కర్లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు 2020 ఆగస్టులో ప్రారంభమైన తర్వాత పరిస్థితి చాలా మెరుగైంది. అయినా లాడ్జిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఏటీఎంలను నమ్ముకోకుండా కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి. మరో మాట: ఆ దీవులకు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఆటో ఎక్కి తెలుగులో మాట్లాడుకుంటుంటే డ్రైవరు వెనక్కి తిరిగి "మీదే ఊరండీ" అని అడిగినా ఆశ్చర్యపోకండి.

నల్లకుంట నివాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ సమాధానాలు మా వారికి చదివి వినిపించాను. పీత ఇల్లు మారిన కథ ఆయనకు బాగా నచ్చింది. సెలవు పరిమితంగా ఉంది కాబట్టి ఈసారికి షహీద్ ద్వీపమే అనుకున్నాము, పెళ్ళిరోజు భీష్మాష్టమికి దగ్గరలోనే పడుతోంది. రెండు సందేహాలు మిగిలాయి. విమానం దిగిన రోజే పడవ ఎక్కవచ్చా? తిరుగు ప్రయాణంలో పొద్దున పడవ దిగి అదే రోజు మధ్యాహ్నం విమానం ఎక్కేలా పెట్టుకుంటే ఒక రాత్రి గది ఖర్చు తగ్గుతుందని ఏజెంటు అంటున్నారు. అలాగే నాకు ఘాట్ రోడ్డులో బస్సెక్కినా తల తిరుగుతుంది. పడవలో ఎలా ఉంటుందో?

సమాధానం: ఉప్పుగాలి

వెళ్ళేటప్పుడు ఉదయం తొందరగా దిగే విమానమైతే అదే రోజు పడవ ఎక్కవచ్చు, మధ్యలో కొన్ని గంటల వ్యవధి ఉండేలా చూసుకోండి. చీకటి తొందరగా పడుతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక పడవలు తక్కువ. విమానం ఆలస్యమైతే ఆ రోజుకు అవకాశం పోయినట్టే.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఏజెంటు మాట వినకండి. సముద్రం కల్లోలంగా ఉంటే పడవలను ఆపేస్తారు, ముందురోజు సాయంత్రం వరకు కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు. మాఘమాసంలో సముద్రం సాధారణంగా శాంతంగానే ఉంటుంది, అయినా ఒక గది అద్దె మిగుల్చుకోబోయి విమానం టికెట్లు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. ఆఖరి రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండండి. ఆ సాయంత్రం సెల్యులార్ జైలుకు వెళ్ళండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన జైలు అది. మన హైదరాబాదువారికి ఆ దీవులతో ఇంకా పాత బంధముంది. 1857 జూలైలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ప్రవాస శిక్ష వేసి పంపింది అండమాన్‌కే. విశ్రాంతి అంతా పూర్తయ్యాక, తొందర లేకుండా చూడవలసిన చోటు అది. ప్యాకేజీలో లాగా దిగీ దిగగానే బడలికతో చూడకూడదు.

తల తిరగడం గురించి: ప్రైవేటు వేగపు పడవలు అద్దాలు మూసి ఏసీ వేసి ఉంటాయి, కొంతమందికి ఆ మూసిన గాలే పడదు. కింది అంతస్తులో, మధ్య వరుసల్లో సీటు అడిగి తీసుకోండి, కుదుపు అక్కడ తక్కువ. వాంతులు రాకుండా వేసుకునే మాత్రను మీ డాక్టరుగారిని అడిగి, పడవ కదలడానికి కనీసం అరగంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, రెండు ఇడ్లీలు తిని ఎక్కండి. ప్రభుత్వ నౌకలు నెమ్మదిగా వెళతాయి, అయితే వాటిలో డెక్కు మీదికి వెళ్ళి గాలి పీల్చుకోవచ్చు. దూరంగా ఆకాశమూ నీరూ కలిసే గీత వైపు చూస్తూ నిలబడితే చాలామందికి ఉపశమనంగా ఉంటుంది. మీ లాంటివారికి నేను ప్రభుత్వ నౌకనే సూచిస్తాను.

మీ వారి విషయంలో ఒకటే కోరిక. లైఫ్‌గార్డు ఉన్నచోట, వారు చెప్పిన హద్దులోనే నీటిలో దిగనివ్వండి. అండమాన్‌లో మొసళ్ళు ఉప్పునీటిలో కూడా ఉంటాయి. వాగు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల దగ్గర, సంధ్యవేళ నీటిలోకి అసలు దిగవద్దు. హెచ్చరిక బోర్డులు కనిపించినచోట అవి అలంకారానికి పెట్టినవి కావు.

విమానం టికెట్లు కొన్న తర్వాత పడవ టికెట్లు ఆలస్యం చేయకండి. రేవులో తనిఖీకి ఇద్దరి గుర్తింపు కార్డులూ అసలువి దగ్గర ఉండాలి. లాడ్జివారికి పడవ వేళ ముందురోజే చెబితే రేవు దగ్గరకు ఆటో పంపుతారు.